ఇసుక దారిలో మంద్రస్వరం

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కి ఓసియన్, ఫలోదీ, రామ్‌దేవ్‌రా, పోఖరన్ మీదుగా వెళితే మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. బస్సు కిటికీలోంచి చూస్తే ఆ దారంతా ఒక్క తీరుగానే ఉంటుంది: ముళ్ళ కంప, ఇసుక, మధ్యమధ్య రాతినేల, అక్కడక్కడ జమ్మి చెట్లు. అదే దారిని సైకిల్ మీద, సంచిలో ఒక రికార్డరూ రెండు మైకులూ పెట్టుకుని తొక్కితే గంట గంటకూ దారి మారిపోతుంది. తెల్లవారుజామున ఎక్కడో కిలోమీటర్ల అవతల గుడిలో మోగిన గంట పక్క వీధిలో మోగినట్టుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎదురుగా మేకల మంద కనపడుతూనే ఉంటుంది, వాటి మెడగంటలు మాత్రం వినపడవు. చెవి అదే, మైకూ అదే. మారింది గాలి. ఎడారిలో ఏ శబ్దం ఎంత దూరం బతకాలో తేల్చేవి మూడు: ఎండ, పొడిదనం, గాలి వేగం. వీటి లెక్క పట్టుబడితే అక్కడి జీవాలు ఎందుకలా కూస్తాయో, ఎందుకలా వింటాయో కూడా అర్థమవుతుంది.

సైకిలే ఎందుకంటే, కారులో ఇంజను రొద ముందే చెవిని కప్పేస్తుంది. నడుద్దామంటే నీళ్ళ లెక్క కుదరదు, ఊరికీ ఊరికీ మధ్య అంత ఎడం. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగం వినడానికి అనువైనది. ఏదైనా చెవిన పడగానే బ్రేకు నొక్కి కాలు నేలకు ఆనించవచ్చు. కానీ సైకిల్ మీద ఉన్నంతసేపూ మనం గాలి చేతిలో ఉంటాం. ఎదురుగాలి గంటకు పదిహేను కిలోమీటర్లుంటే చెవికి తగిలేది ముప్పై. వెనకగాలి అంతే వేగంతో వీస్తే చెవికి తగిలేది సున్నా. ఆ రెండో స్థితి దొరికినప్పుడు చూడాలి! గాలి రొద ఒక్కసారిగా తెగిపోతుంది. టైరు కింద ఇసుక నలిగే చప్పుడు, చెయిను కదలిక, తొక్కడం ఆపితే ఫ్రీవీల్ టిక్కుటిక్కు, ఎక్కడో కంపల్లోంచి కౌజుపిట్ట కేక, అన్నీ ఒకేసారి బయటపడతాయి. ఒంటికి గాలి తగలక చెమట కారిపోతున్నా ఆ కాసేపు ఆగబుద్ధి కాదు.

చెవిలో వినపడే ఆ గాలి రొద నిజానికి బయటినుంచి వచ్చిన శబ్దం కాదు. గాలి మన చెవి అంచునో మైకు అంచునో దాటుతూ సుడులు తిరుగుతుంది. ఒక్కో సుడీ లోపలి పొరను నెట్టి లాగుతుంది. పొరకు అది శబ్దమే. గాలి వేగం రెట్టింపైతే ఈ ఒత్తిడి హెచ్చుతగ్గులు దాదాపు నాలుగింతలవుతాయి, అంటే 12 డెసిబెళ్ళ పెరుగుదల. అందులో ఎక్కువ భాగం కొన్ని వందల హెర్ట్జ్‌ల లోపే, మంద్రస్థాయిలోనే ఉంటుంది. మైకులకు బొచ్చు తొడుగులు వేసేది ఇందుకే. బొచ్చులో చిక్కుకుని గాలి వేగం చస్తుంది, శబ్దతరంగం మాత్రం లోపలికి దూరిపోతుంది. బొచ్చుకీ మైకుకీ మధ్య కొంత ఖాళీ ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది. చాలామంది ఇంకో తేలిక మార్గం ఎంచుకుంటారు. రికార్డర్‌లో కింది స్థాయి శబ్దాలను కోసేసే మీట ఒకటుంటుంది, దాన్ని నొక్కేస్తారు. పట్నంలో బస్సుల గుడగుడ పోవడానికి అది మంచి పనే. ఎడారిలో ఆ మీట జోలికి పోవద్దంటాను. సైకిల్ దిగి, సంచుల పట్టీలు గాలికి కొట్టుకోనంత దూరం నడిచి, కంప చాటున మైకు నేలకు దగ్గరగా పెడితే సగం రొద దానంతటదే పోతుంది. కింది స్థాయి శబ్దాలను కోసేస్తే ఎడారిలో అసలైనదే పోతుంది.

ఇప్పుడు ఎండ సంగతి. శబ్దం వేడి గాలిలో వేగంగా, చల్లగాలిలో నెమ్మదిగా పోతుంది. ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది, మన దేశంలో అంతకు ముందెన్నడూ అంత లేదు. ఆ వేడిలో శబ్దవేగం సెకనుకు సుమారు 361 మీటర్లు. చలికాలం రాత్రి 3 డిగ్రీలున్నప్పుడు 333 మీటర్లు. తేడా చిన్నదే, కానీ అసలు సంగతి పొరల్లో ఉంది. పగలు ఇసుక కాలిపోతుంది కాబట్టి నేలనంటి ఉన్న గాలి అన్నిటికంటే వేడి, పైకి వెళ్ళేకొద్దీ చల్లదనం. శబ్దతరంగం కింది అంచు వేగంగా, పై అంచు నెమ్మదిగా సాగి, తరంగం మొత్తం ఆకాశం వైపు వంగిపోతుంది. కొన్ని వందల మీటర్ల అవతల నేల మీద నిలబడ్డవాడి తలమీదుగా శబ్దం వెళ్ళిపోతుంది, అతను శబ్దపు నీడలో ఉండిపోతాడు. ఎండమావికి కారణం కూడా ఈ వేడి పొరే. కాంతి, శబ్దం రెండూ ఆ పొర దగ్గర పైకే వంగుతాయి. కాబట్టి దారి మీద నీళ్ళు మెరుస్తున్నట్టు కనపడుతోందంటే ఆ దిక్కున దూరపు శబ్దం కోసం మైకు పెట్టి లాభం లేదని సైకిలిస్టుకు కళ్ళే చెబుతున్నాయన్నమాట.

పొద్దుగూకాక కథ తిరగబడుతుంది. మబ్బు లేని ఆకాశం కింద ఇసుక తన వేడిని గబగబా వదిలేస్తుంది. నేలనంటిన గాలి చల్లబడి, కొన్ని పదుల మీటర్ల ఎత్తున వెచ్చటి గాలి మిగులుతుంది. ఇప్పుడు పైకి పోబోయిన శబ్దం కిందికి వంగి, నేలను తాకి, మళ్ళీ లేచి, మళ్ళీ వంగుతూ పోతుంది. పైగా రాత్రి గాలి కూడా పడిపోతుంది కాబట్టి దాన్ని కప్పే రొద ఉండదు. తెల్లవారుజాము గుడిగంట దగ్గరికి వచ్చినట్టనిపించడానికి ఇదే కారణం.

ఈ లెక్కను చెవులారా వినాలంటే ఫలోదీ పక్కనున్న ఖీచన్ అనే ఊరికి చలికాలంలో పోవాలి. మంగోలియా, మధ్య ఆసియాల నుంచి హిమాలయాలు దాటి వేల సంఖ్యలో క్రేన్ పక్షులు అక్కడికి వస్తాయి. కుర్జాలంటారు వాటిని అక్కడివాళ్ళు. ఊరి జనం వాటికోసం ధాన్యం చల్లుతారు, తరాలుగా అలవాటది. 2025 జూన్‌లో ఖీచన్‌ను రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. పొద్దెక్కకముందే ఊరి బయట మైకు పెట్టుకుని కూర్చుంటే, ఆకాశంలో ఒక్క పక్షీ కనపడకముందే వాటి పిలుపులు చేరతాయి. మొదట ఒకటి రెండు, తరవాత లెక్కకందనన్ని. అదే పక్షులు పదిగంటల ఎండలో దూరంగా ఎగురుతుంటే గొంతు వినపడదు. ఒకే పక్షిని రెండు వేళల్లో రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వింటే వాతావరణ పాఠం పుస్తకం లేకుండా వచ్చేస్తుంది.

ఇక పొడిదనం. మన కోస్తా వాళ్ళకు ఉక్కపోత శత్రువు కానీ దూరం పోవలసిన సన్నటి గొంతుకు తేమ మిత్రుడు. గాలిలోని ఆక్సిజన్ అణువులు శబ్దతరంగంలోంచి కొంత శక్తిని లాక్కుని తమ కంపనంలో దాచుకుంటాయి, దాన్ని సకాలంలో తిరిగివ్వవు. ఈ లావాదేవీ ఏ స్థాయి శబ్దం దగ్గర ఎక్కువ జరుగుతుందన్నది నీటి ఆవిరి మోతాదును బట్టి మారుతుంది. 15 డిగ్రీల వేడిలో, తేమ 80 శాతం ఉన్నప్పుడు 4,000 హెర్ట్జ్ శబ్దం కిలోమీటరుకు సుమారు 24 డెసిబెళ్ళు కోల్పోతుంది. తేమ 20 శాతానికి పడితే ఆ నష్టం 89 డెసిబెళ్ళు! సన్నటి కీచుపిట్ట గొంతు ఎడారి గాలిలో కొద్ది దూరానికే ఇగిరిపోతుంది. మరి 125 హెర్ట్జ్ మంద్రశబ్దం? తేమ ఉన్నా లేకపోయినా కిలోమీటరుకు ఒక డెసిబెల్ కూడా పోదు. అంటే పొడిగాలి ఒక జల్లెడ. సన్నటి స్వరాలను పట్టి ఆపేసి, మంద్రస్వరాలను వదులుతుంది. రికార్డర్‌లో కింది స్థాయి శబ్దాలను కోసే ఆ మీట నొక్కవద్దన్నది ఇందుకే.

ఈ జల్లెడ సంగతి ఎడారి జీవాలకు మనకంటే ముందే పట్టుబడింది. జెర్బిల్ జాతి ఎలుకలను తీసుకోండి, ఈ థార్ ఎడారిలో ఏ ఇసుక గట్టు చూసినా వాటి బొరియలే. వాటి పుర్రెలో మధ్యచెవి చుట్టూ ఉండే ఎముక గది ఉబ్బి, శరీరానికి మించినంత పెద్దగా ఉంటుంది. అందులో గాలి ఎంత ఎక్కువుంటే కర్ణభేరి అంత తేలిగ్గా కదులుతుంది, మంద్రశబ్దాలు అంత బాగా వినపడతాయి. అమెరికా ఎడారుల్లోని కంగారూ ఎలుకలకు వీటితో దగ్గరి చుట్టరికం లేదు, అయినా వాటికీ అదే తీరు చెవి. డగ్లస్ వెబ్‌స్టర్ అనే శాస్త్రవేత్త 1960ల మొదట్లో పరిశీలించి తేల్చిన దాన్నిబట్టి, గుడ్లగూబ దూకేటప్పుడు రెక్కల నుంచి, పాము కాటుకు ఉరికేటప్పుడు దాని ఒంటి నుంచి పుట్టే అతి సన్నని గాలి కదలికను ఆ చెవి పట్టుకుంటుంది. వేర్వేరు ఖండాల్లో వేర్వేరు కుటుంబాలు ఒకే పరిష్కారానికి చేరుకున్నాయంటే ఎడారి గాలి వాటిచేత ఎంత గట్టిగా ఆ పని చేయించిందో చూడండి.

ఎడారి శబ్దాల్లో అన్నిటికంటే ఘనమైనది మాత్రం ఏ జీవిదీ కాదు. ఇసుక దిబ్బదే. చైనాలోని దున్‌హువాంగ్ దగ్గర, మొరాకోలో, ఒమాన్‌లో, నమీబియాలో, చిలీలో, కాలిఫోర్నియాలో కొన్ని దిబ్బలున్నాయి. ఏటవాలు వైపున ఇసుక జారితే అవి విమానం వస్తున్నట్టు గుమ్మని మోగుతాయి. 1941లో వెలువడిన ఇసుక దిబ్బల భౌతికశాస్త్ర గ్రంథంలో రాల్ఫ్ బాగ్నోల్డ్ తన అనుభవం రాశారు: దిబ్బ మోగుతుంటే పక్కనున్న సహచరుడికి వినపడాలంటే అరవాల్సి వచ్చిందట. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరాయన, లిబియా ఎడారిని పాతకాలపు కార్లలో కొలిచిన మనిషి. జారే పొరలో రేణువు మీద రేణువు ఎక్కిదిగే వేగం అన్నిచోట్లా ఒకటైపోయినప్పుడు దిబ్బ మోగుతుంది. రేణువు సైజే స్వరాన్ని నిర్ణయిస్తుందన్నది ఒక వాదన. మిల్లీమీటరులో ఆరో వంతు రేణువులున్న మొరాకో దిబ్బ సుమారు 105 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఒమాన్ దిబ్బలో రేణువులు చిన్నా పెద్దా కలిసి ఉండటంతో 90 నుంచి 150 హెర్ట్జ్ వరకు కలగాపులగంగా వినపడింది. ఫ్రెంచి పరిశోధకులు ఆ ఇసుకను ప్రయోగశాలకు తెచ్చి, జల్లించి, ఒకే సైజు రేణువులతో జార్చి చూశారు. 90 హెర్ట్జ్ దగ్గర స్వచ్ఛమైన ఒకే స్వరం పలికింది. ఈ వివరాలు 2012లో అచ్చయ్యాయి. స్వరాన్ని నిర్ణయించేది రేణువులు కాదు, దిబ్బ లోపలి తడి పొడి పొరల అమరికే అని అమెరికాలోని కాల్‌టెక్ పరిశోధకుల బృందం మాత్రం వాదిస్తూ వచ్చింది. ఏదేమైనా ఇసుక బాగా ఎండి ఉండాలన్న దాంట్లో పేచీ లేదు. ఒక్క జల్లు పడితే దిబ్బ మూగబోతుంది.

జైసల్మేర్ పరిసరాల్లో అన్నిటికంటే విలువైన మంద్రస్వరం బట్టమేక పిట్టది. మీటరు ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువు తూగే పక్షి. రాజస్థాన్‌వాళ్ళు గోడావణ్ అంటారు, అది వాళ్ళ రాష్ట్రపక్షి. జతకట్టే కాలంలో మగపక్షి మెడ కింది సంచీని గాలితో ఉబ్బించి, తెల్లటి మెడ ఈకలు విప్పి, లోతైన గొంతుతో మూలుగుతున్నట్టు పిలుస్తుంది. అరకిలోమీటరు దాకా వినపడుతుంది ఆ పిలుపు. చెట్టు కొమ్మెక్కి కూసే పక్షి కాదిది, పచ్చికబయలులో నేలమీద నిలబడి పిలవాలి. అటువంటి చోట దూరం పోయేది మంద్రస్వరమే. 1969లో దేశమంతటా 1,260 దాకా ఉంటాయని అంచనా వేశారు. ఇప్పుడు నూటయాభైకి లోపే. వాటిలో ఎక్కువ భాగం 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్కులో, పోఖరన్ చుట్టుపక్కల మైదానాల్లో ఉన్నాయి. ఆడపక్షి ఏడాదికి మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. వేట ఆగినా కరెంటు తీగలు వచ్చాయి. బరువైన ఈ పక్షి ఎగురుతూ చటుక్కున దారి మళ్ళించుకోలేదు, దాని చూపు పక్కలకు బాగున్నంతగా ఎదురుగా ఉండదు. తీగను చూసేసరికే ఆలస్యమైపోతుంది. తీగలను భూమిలోకి మార్చాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సౌర, పవన విద్యుత్ అవసరాలనూ లెక్కలోకి తీసుకోవాలంటూ 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది.

పక్షి ప్రాణం తీసే ఆ తీగకూ ఒక గొంతుంది. గుండ్రటి దేన్నైనా గాలి దాటితే వెనకాల సుడులు ఒకటి అటు, ఒకటి ఇటు క్రమంగా విడిపోతాయి. 1878లో చెక్ శాస్త్రవేత్త స్ట్రౌహాల్ దీని లెక్క తేల్చాడు: గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి, అందులో ఐదో వంతు తీసుకుంటే సెకనుకు ఎన్ని కంపనాలో వస్తుంది. సెకనుకు ఐదు మీటర్ల గాలిలో మూడు సెంటీమీటర్ల కరెంటు తీగ పలికేది సుమారు 33 హెర్ట్జ్. రెండున్నర మిల్లీమీటర్ల కంచె తీగ పలికేది 400. మిల్లీమీటరు మందం జమ్మి కొమ్మ 1,000. ఈ జమ్మి మనకు దసరా చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. దాన్ని నరకనివ్వబోమని 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీలో బిష్ణోయీ సముదాయంవాళ్ళు 363 మంది ప్రాణాలిచ్చారు. గాలి వీచే మధ్యాహ్నం ఆ చెట్టు కింద వినపడే సన్నటి సవ్వడి వేల కొమ్మలు, కాడలు, ముళ్ళు వేర్వేరు మందాల్లో పలికే వేర్వేరు స్వరాల మొత్తం. సైకిల్ స్పోకులు కూడా ఈ లెక్కకు లోబడినవే. చక్రం పైభాగం మన వేగానికి రెట్టింపు వేగంతో కదులుతుంది, నేలనంటిన భాగం నిలకడగా ఉంటుంది. అందుకే వాటిది ఒక్క స్వరం కాదు, గుసగుస. ఆస్ట్రేలియాలో జాన్ రోజ్, హోలిస్ టేలర్ అనే సంగీతజ్ఞులు వేల కిలోమీటర్లు తిరిగి, ఎడారి కంచెల తీగలను వయొలిన్ కమానుతో వాయిస్తూ రికార్డు చేశారు. థార్‌లో కంచె స్తంభానికి దాని కంపనాలను నేరుగా పట్టే మైకు ఒకటి అంటిస్తే చాలు, వాయించే పని గాలే చేసిపెడుతుంది.

జైసల్మేర్‌కు దగ్గరయ్యేకొద్దీ రికార్డింగుల్లో కొత్త శబ్దాలు చేరతాయి. 1,064 మెగావాట్ల పవన విద్యుత్ క్షేత్రం అక్కడుంది. గాలిమరల రెక్కలు దాదాపు సెకనుకొకసారి హుష్షుమంటాయి. ఫలోదీకి ఉత్తరాన భడ్లాలో 2,245 మెగావాట్ల సౌరక్షేత్రం. సౌరఫలకాలు మాట్లాడవు కానీ వాటి కరెంటును మోసే ట్రాన్స్‌ఫార్మర్లు మాట్లాడతాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తిచేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుప రేకులు ప్రతి ఆవర్తనంలో రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి కాబట్టి వెలువడేది 100 హెర్ట్జ్ గుయ్‌మనే నాదం. మోగే దిబ్బలు పాడే స్థాయి ఇదే. పొడిగాలి కిలోమీటరుకు డెసిబెల్ కూడా తీసుకోకుండా వదిలేసే స్థాయి కూడా ఇదే. రాత్రి చల్లటి పొర దాన్ని కిందికే వంచి పంపుతుంది. సబ్‌స్టేషన్ కంటికి కనపడనంత దూరంలో, చీకట్లో తీసిన రికార్డింగును తెర మీద గీతలుగా గీసి చూస్తే, అడుగున 100 దగ్గర ఒక తిన్నని గీత నిలిచి ఉంటుంది. దాన్నుంచి తప్పించుకునే చోటు ఏటేటా తగ్గిపోతోంది. ఆ కరెంటు మనకు కావాలి, బొగ్గు పొగ తగ్గాలి, నిజమే. కానీ బట్టమేక పిట్టకు మిగిలిన కాస్త మైదానంలోనే తీగలూ నాదమూ ఇంతగా గుమిగూడటం నాకు బాధ కలిగిస్తుంది. బీడు మరెక్కడా లేదా?

మనిషి గొంతులను కూడా ఈ ఎడారిలో ఒకాయన ఓపిగ్గా సేకరించి పెట్టాడు. కోమల్ కోఠారీ (1929–2004) 1960లో రచయిత విజయదాన్ దేథాతో కలిసి రూపాయన్ సంస్థాన్ స్థాపించి, లంగా, మాంగణియార్ సముదాయాల గాయకులను ఊరూరా తిరిగి టేపుల్లోకి ఎక్కించాడు. మాంగణియార్ల కమాయచా అనే వాద్యాన్ని మామిడి చెక్కతో తొలిచి, మేకతోలు బిగించి, కమానుతో వాయిస్తారు. దాని నాదంలోని లోతు నాకు ఎంతో ఇష్టం. పాటల విషయంలో కోఠారీ చేసినంత పని ఆ పాటలు పుట్టిన నేల శబ్దాల విషయంలోనూ జరగాలి. పక్షి గొంతును తొలిసారి పట్టింది 1889లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో. లుడ్విగ్ కోఖ్ అనే కుర్రాడు ఎడిసన్ మైనపు గొట్టం మీదికి ఎక్కించినది పంజరంలోని షామా పిట్ట పాట, మన అడవుల్లోనూ ఉండే పక్షే. ఆ పాట ఏ పక్షిదో, ఏ ఏటిదో ఇవాళ్టికీ మనకు తెలుసంటే ఆ వివరాలు కూడా దానితోపాటు మిగిలాయి కాబట్టే.

సైకిల్ యాత్రికుడి రికార్డింగుకు కూడా అదే వర్తిస్తుంది. శబ్దంతోపాటు చోటు, తేదీ, గంట, వేడి, తేమ, గాలి ఎటునుంచి ఎంత వీస్తోంది, ఇవన్నీ మైకు ముందే నోటితో చెప్పేస్తే సరిపోతుంది. అవి లేకపోతే, మరుసటి ఏడు అదే చోట పక్షి గొంతు సన్నగా వినపడిందంటే పక్షులు తగ్గాయా, ఎండ పెరిగిందా, గాలి తిరిగిందా తేల్చలేం. చోటు ఏదైనా ఒక్కో రికార్డింగు పది నిమిషాలకు తగ్గకూడదు, మనం ఆగిన అలికిడికి బెదిరిన పక్షులు మళ్ళీ నోరు విప్పడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. థార్‌కు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వెళ్ళాలి. అంత దూరం పోలేనివాళ్ళకు నంద్యాల జిల్లాలో రోళ్ళపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన పచ్చికబయలు అది. ఇప్పుడక్కడ ఆ పక్షి కనపడటం చాలా అరుదు. కానీ బీడు ఉంది, చలికాలపు రాత్రులు ఉన్నాయి, కృష్ణజింకలు, కౌజులు, నక్కలు ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ మట్టిదారులు సైకిల్‌కు అనువైనవే.